ఎవరో వద్దన్న కుర్చీ

పదకొండో నంబరు నాది.
సీటు వచ్చిందని కాదు, రాలేదనీ కాదు.
లోపలికి రమ్మనరు, వెళ్లిపొమ్మనరు.
చెప్పులు విడవాలో వద్దో తెలీక
గుమ్మంలో నిలబడ్డట్టు
ఇరవై మూడు రోజులు.

పెరంబూరు బ్యారక్స్ రోడ్డులో మా నాన్న ఏకాంబరం కుట్టుకొట్టు.
మే నెలంటే మాకు ఊపిరాడదు.
నాలుగు స్కూళ్ల యూనిఫారాలు:
ముదురు నీలం, ఇటుక రంగు, గళ్లు, మళ్లీ నీలం.
ఒక కాజాకీ ఇంకో కాజాకీ మధ్య ఫోన్ తీసి చూస్తాను.
పదకొండు.
పదకొండు.
ఒక ఆదివారం తొమ్మిది.
ఆ తర్వాత తొమ్మిది దగ్గర తుప్పు పట్టింది.

ముప్ఫై వేల మంది రాస్తే మూడొందల మందిని తీసుకుంటారు నాన్నా,
అని భయపెట్టాను ఒకరోజు.
మూడొందల జతలా, పది రోజుల పని, అన్నాడాయన.

ఇంటర్వ్యూలో అడిగారు, నువ్వు పడ్డ కష్టం ఒకటి చెప్పమని.
అమ్మ పోయిన సంగతి చెప్పు, వింటారు,
అని ఫిలోమినా టీచర్ ముందే చెప్పి పంపింది.
అమ్మను ఆ నున్నటి బల్ల మీద పరిచి
టేపు పెట్టి కొలిపించడానికి
నాకు నోరు రాలేదు.
కాలర్ తిరగేసి మొన తేల్చడం ఎంత కష్టమో చెప్పాను,
గడియారం చూడకుండా, చేతులు తిప్పుతూ.
ఒకాయన నవ్వాడు. ఒకావిడ ఏదో రాసుకుంది.
అందుకే పదకొండేమో.
అందుకే పదకొండైనా వచ్చిందేమో.

ఇరవై నాలుగో రోజు మధ్యాహ్నం, కరెంటు లేదు,
పళ్ల మధ్య గుండుసూది.
గజలక్ష్మియేనా, అంది ఫోన్‌లో గొంతు.
ఊఁ, అన్నాను.
ఒక సీటు ఖాళీ అయింది, ఫీజు మొత్తం మేమే భరిస్తాం,
రేపు సాయంత్రం ఐదులోపు చెప్పాలి.
ఊఁ.

ఖాళీ అయింది.
ఎవరు చేశారో ఆ మాటలో లేదు.
అడుగుదామనుకునేలోపు సూది గుచ్చుకుంది.

నాన్న మొదట అడిగింది: అక్కడ యూనిఫారం ఏ రంగు?
ఉండదు నాన్నా.
ఉండదా?
కత్తెర కింద పెట్టాడు.
ఎవరికి తోచింది వాళ్లు వేసుకొస్తారా,
మరి ఎవరు ఎవరో ఇట్టే తెలిసిపోదూ?

నా దగ్గర జవాబు లేదు.
పెరంబూరు, శ్రీపెరుంబుదూరు:
పేర్లు వింటే అక్కచెల్లెళ్లు, వెళ్లాలంటే రెండు బస్సులు,
అది దాటి ఇంకా అవతల ఆ గేటు.

రాత్రి మేడ మీద పడుకుంటే
యార్డులో ఖాళీ పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకునే చప్పుడు.
ఎవరో ఒక పిల్ల, లేదా పిల్లాడు.
ఇంతకంటే పెద్ద తలుపు తెరుచుకుని ఇది వద్దనుకుందా, మంచిదే.
ఇంట్లో మనిషి పడిపోయాడా.
హాస్టల్ వద్దన్నారా.
లేక ఆ పిల్లకీ ఒకరు ఫోన్ చేసి ఐదులోపు అంటే
ఆరింటికి గుర్తొచ్చిందా.
తను వేలితో ఒక్కసారి నొక్కిన 'వద్దు'
తొమ్మిది మందిని దాటుకుంటూ
మా బ్యారక్స్ రోడ్డు దాకా నడిచొచ్చింది.
దారిలో ఆ ఎనిమిది మంది ఏమయ్యారో మరి.

పొద్దున నాన్న టేపు తీశాడు.
భుజం, చెయ్యి, నడుము.
ఎప్పటిలాగే అంచులో రెండంగుళాలు ఎక్కువ గుడ్డ వదిలాడు.
ఇంక పొడుగు పెరగను నాన్నా, అన్నాను.
తెలుసు, అన్నాడు, ముడి వేసి దారం తెంపుతూ.

మా కొట్టు బోర్డు మీద పెద్ద అక్షరాలు ఏకాంబరం టైలర్స్,
కింద చిన్నవి, ఆల్టరేషన్లు చేయబడును.
బియ్యం తెచ్చేవి ఆ చిన్న అక్షరాలే.
ఇంకొకరి ఒంటికి కుట్టింది విప్పి
మనిషికి సరిపెట్టడం తక్కువ పనని
ఈ ఇంట్లో ఎవరూ అనుకోలేదు.

ఐదింటికి చెబుతాను.
ఈలోపు ఇటుక రంగు చొక్కాలు నలభై రెండు,
ఒక్కోదానికి ఏడు గుండీలు.